దిబ్బ మీది ఇరవై మూడు ప్రాణాలు

నాల్‌బంద్ ఉస్మాన్‌కు కోపం ఎక్కువని నెల్లికుదురు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టేవాణ్ణి ఆ వైపు నాల్‌బంద్ అంటారు. అతని తాతదీ అదే పని, తండ్రిదీ అదే పని. గిట్టలు అరిగి నెత్తురు చిమ్మేదాకా ఎద్దును తారురోడ్డు మీద నడిపించిన రైతు కనబడితే ఉస్మాన్ నడిబజార్లో ఆపేసేవాడు.

"నీ కాళ్లకు చెప్పులున్నయి గదనే! దాని కాళ్లు కాళ్లు గావా?"

రైతులు పడేవాళ్ళు. ఎందుకంటే ఆ తిట్లు అయిపోగానే అతను ఎద్దు నడుముకూ కాళ్ళకూ తాడు చుట్టి, ఒక్క లాగుతో దాన్ని దెబ్బ తగలకుండా పక్కకు ఒరిగించేవాడు. గిట్ట చెక్కి, రేకు పెట్టి, మేకులు దిగ్గొట్టి, చెవి దగ్గర ఏదో గొణిగి లేపేవాడు. మనుషుల మీద అరిచే నోటితో పశువును ఒక్క మాట అనేవాడు కాదు.

ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గిపోయాయి. యాభై ఆరేళ్ళు వచ్చేసరికి ఉస్మాన్‌కు వారానికి రెండు మూడు జతలు దొరకడమే గగనమైంది. భార్య మరియం బీ బట్టలు కుట్టేది. కూతురు ఫిజా మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఉస్మాన్ మాత్రం సుత్తె, పట్కారు, మేకుల డబ్బా ఉన్న సంచీని మోపెడ్‌కు తగిలించుకుని తండాలు తిరగడం మానలేదు.

అతను ఎక్కువగా వెళ్ళేది గుండ్లకుంట తండాకు. అక్కడ ఇంకా ఎడ్లతో దున్నేవాళ్ళున్నారు. తండాకు ఎగువన పెద్ద చెరువు. దాని తూము పక్కన రెండేళ్ళ కింద బుంగ పడింది. కట్ట అవతలి వైపు నీళ్ళు ఊటలా కారేవి. తండావాళ్ళు దరఖాస్తు పెట్టారు. ఒకాయన వచ్చి, ఫోటో తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ ఎవరూ రాలేదు.

రెండు వేల ఇరవై నాలుగులో, వినాయక చవితికి ఇంకా వారం ఉందనగా, శనివారం మొదలైన వాన ఆదివారం తెల్లవారినా ఆగలేదు. ఏడు గంటలకు ఉస్మాన్‌కు తండా నుంచి అమర్‌సింగ్ ఫోన్ చేశాడు. పదిహేనేళ్ళుగా అతని ఎడ్లకు నాడాలు కొడుతున్నది ఉస్మానే.

"అన్నా, కట్ట తెగింది. మేమంత బడి స్లాబు మీదున్నం."

"మనుషులంత ఉన్నరా?"

"ఉన్నం."

"పసులో?"

అమర్‌సింగ్ బడి స్లాబు సంగతే మళ్ళీ చెప్పబోయాడు.

"అమర్‌సింగూ, పసులను ఇప్పిన్రా లేదా?"

"ఎవలం ఇప్పలే అన్నా. సప్పుడు ఇని పిల్లలను సంకల ఏసుకొని ఉరికినం. గంతే."

ఉస్మాన్ నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. చీకటి విడీ విడకముందే నీళ్ళు మీదికొస్తుంటే, సంకలో పిల్లతో పరిగెత్తేవాణ్ణి తిట్టడానికి అతనికే మనసొప్పలేదు. కానీ ఆ కోపం ఎటూ పోలేదు. గుండెలోనే ఉండిపోయింది.

"నక్కో జావో జీ," అంది మరియం బీ, సంచీ తీస్తున్న మొగుడి చెయ్యి పట్టుకుని. రోడ్లన్నీ తెగిపోయాయని, వెళ్ళొద్దని బతిమాలింది. అతను ఆగలేదు. వాగు దగ్గర మోపెడ్ వదిలేశాడు. గట్ల వెంట, నీళ్ళలో మునిగిన వరిచేల వెంట ఏడు కిలోమీటర్లు నడిచి తండా రోడ్డు చేరేసరికి పదిన్నర అయింది.

అప్పటికే పడవతో వచ్చిన సహాయ బృందం బడి స్లాబు మీదున్న వాళ్ళందరినీ రోడ్డు మీదికి చేర్చింది. తడిసిన బట్టలతో ఆడవాళ్ళు గుంపుగా కూర్చున్నారు. స్లాబు మీదికి ఎత్తుకెళ్ళిన నాలుగు మేకపిల్లలు తప్ప పశువన్నది వాళ్ళ దగ్గర లేదు. కాస్త పక్కగా ఒక అధికారి గొడుగు కింద నిలబడి ఫోన్ కెమెరాకు చెబుతున్నాడు.

"సకాలంలో స్పందించాం. ప్రాణనష్టం ఏమీ లేదు."

ఆయన వెనక, ముప్పై గజాల దూరంలో, కొట్టం గుంజకు కట్టిన తాడు చివర ఒక ఎద్దు పొట్ట ఉబ్బి తేలుతోంది. నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు బిగుసుకుపోయి ఉన్నాయి.

ఉస్మాన్ నేరుగా ఆయన ముందుకు వెళ్ళాడు.

"సార్, గదేంది?"

"ఏది?"

"మీ ఎనక, నీళ్లల్ల. కాళ్లు మీదికి పెట్టి పండుకున్నదే, గది."

అధికారి తిరిగి చూశాడు. "ఎద్దు."

"దానికి పాణం లేకుండెనా సార్?"

"ఎవరయ్యా నువ్వు? పక్కకు జరుగు."

"నేను దాని గిట్టలకు నాడాలు కొట్టినోణ్ణి. బుంగ పడ్డదని వీళ్లు రెండేండ్ల సంది మొత్తుకుంటున్నరు. గప్పుడు స్పందించనోళ్లు గిప్పుడు స్పందించిన్రా?"

కానిస్టేబుల్ ఒకతను ఉస్మాన్ భుజం పట్టి వెనక్కి నెట్టాడు. కెమెరా పట్టుకున్న మనిషి అంతవరకు తీసింది చెరిపేసి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. అధికారి మళ్ళీ చెప్పాడు. అదే మాట, అదే గొంతు.

కట్టేసిన చోటే చచ్చినవి పదకొండు. తాళ్ళు తెంపుకోగలిగినవి, గుంజలు పెకలించుకున్నవి నీళ్ళలో కొట్టుకుంటూ వెళ్ళి ఒక దిబ్బ మీదికి చేరాయి. రోడ్డుకూ దిబ్బకూ మధ్య రెండు వందల గజాల నీళ్ళు. అమర్‌సింగ్ వేలుతో ఎంచాడు. ఇరవై మూడు. వాన పడుతూనే ఉంది. దిబ్బ కొంచెం కొంచెంగా చిన్నదవుతోంది.

ఉస్మాన్ పడవ దగ్గరికి పరిగెత్తాడు. బృందం నాయకుడు ముప్పై ఏళ్ళ వాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దాయనా, కింది ఊళ్ళో పదహారు మంది ఇంటిమీద ఉన్నారు. అందులో బాలింత ఉంది. పశువుల కోసం నేనిక్కడ ఆగితే వాళ్ళకేమైనా అయితే?"

ఉస్మాన్ దిబ్బ వైపు ఒకసారి చూశాడు. వాణ్ణి కూడా తిట్టలేకపోయాడు. ఆ కుర్రవాడు పడవలోంచి పెద్ద తాడు చుట్ట ఒకటి, రెండు లైఫ్ జాకెట్లు తీసి అతని చేతిలో పెట్టి, వెళ్ళిపోయాడు.

"ఎవలు రారు," అన్నాడు ఉస్మాన్ అమర్‌సింగ్‌తో. "మనమే పోవాలె. డ్రమ్ములు తే."

తండావాళ్ళు నీళ్ళు నింపుకునే నీలం డ్రమ్ములు నాలుగు కొట్టుకొచ్చి కంపల్లో ఆగి ఉన్నాయి. మూతలు బిగించి, రెండు రెండుగా కట్టారు. తాడు ఒక కొసను రోడ్డు మీది ట్రాక్టర్‌కు బిగించి, జాకెట్లు తొడుక్కుని, రెండో కొసను నడుముకు కట్టుకుని, డ్రమ్ముల మీద చేతులేసి ఉస్మాన్, అమర్‌సింగ్ నీళ్ళలోకి దిగారు. మెడ లోతు. ఎర్రమట్టి నీళ్ళు. కాళ్ళ కింద ఏం తగులుతోందో తెలియదు. ఒకచోట అమర్‌సింగ్ కాలికి మెత్తగా ఏదో తగిలింది. అది అతని సొంత ఎద్దే. జతలో ఒకటి. అతను అక్కడే ఆగిపోయి ఏడవబోయాడు.

"నడువు," అని అరిచాడు ఉస్మాన్. "రెండోది దిబ్బ మీదున్నది. సచ్చినదాన్ని సూసుకుంట నిలవడితె బతికింది సస్తది!"

దిబ్బ చేరి తాడును తుమ్మచెట్టుకు కట్టారు. పశువులకు ఈత తెలుసు. కానీ అవి నీళ్ళను చూసి బెదిరిపోయి ఉన్నాయి. కొడితే చుట్టూ తిరుగుతున్నాయి తప్ప దిగడం లేదు. అదిలించారు, తోశారు, తోకలు మెలిపెట్టారు. అరగంట పోయింది.

అప్పుడు రోడ్డు మీది నుంచి కమ్లీ గొంతు వినిపించింది. ఆమె అమర్‌సింగ్ మేనత్త. అరవై దాటింది. మొగుడు పోయాక మూడు ఆవులతో, ఒక బర్రెతో ఒక్కతే బతుకుతోంది. రెండు ఆవులు కొట్టంలోనే చచ్చాయి. చూడి ఆవు, బర్రె దిబ్బ మీద ఉన్నాయి. ఆమె నీళ్ళ అంచున మోకాళ్ళ లోతులో నిలబడి, రోజూ సాయంత్రం పిలిచినట్టే, తమ తండా మాటల్లో బర్రెను పిలిచింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి పిలిచేసరికి గొంతు పగిలి ఏడుపయింది.

బర్రె తల ఎత్తింది. చెవులు కదిలించింది. గుంపును తోసుకుంటూ వచ్చి తడబడకుండా నీళ్ళలోకి దిగింది. దాని వెనక కమ్లీ ఆవు. ఆవు వెనక కోడెలు. అమర్‌సింగ్ తాడు పట్టుకుని వాటికి దిగువ వైపు ఈదుతూ, ప్రవాహానికి పక్కకు పోతున్న దూడలను డ్రమ్ములతో అడ్డుకున్నాడు. రోడ్డు మీదున్న ఆడవాళ్ళు లేచి నీళ్ళలోకి వచ్చి చేతికందిన కొమ్మునల్లా పట్టి లాగారు.

దిబ్బ మీద ఒక్కటి మిగిలింది. అమర్‌సింగ్ రెండో ఎద్దు, బూడిద రంగు మైల ఎద్దు. అడుగు తీసి అడుగు వేయడం లేదు. అప్పటికి దిబ్బ మీదికీ నీళ్ళెక్కాయి. ఉస్మాన్ వంగి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి కాలు తడిమాడు. కొట్టుకొచ్చిన కంచె ఇనుప తీగ గిట్టకూ నాడాకూ మధ్య చిక్కుకుని బిగుసుకుంది. పదిహేను రోజుల కింద తానే కొట్టిన నాడా అది. మేకులు చాలా గట్టిగా కొట్టాడు, ఎప్పటిలాగే.

భుజానున్న సంచీలోంచి పట్కారు తీశాడు. కంటికి కనబడదు. వేళ్ళతో మేకు తల వెతికి, పట్కారు పెట్టి లాగాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. తీగ ముంజేతిని చీరేసింది. ఎద్దు ఒక్కసారి కాలు విదిలిస్తే అతని మొహం పగిలేది. అది విదల్చలేదు. నాలుగు మేకులూ ఊడాక రేకు చేతిలోకి వచ్చింది. దాన్ని నీళ్ళలోకి విసిరేసి, ఎద్దుకు రెండు వైపులా డ్రమ్ములు కట్టి, దాని మెడ కింద చెయ్యి వేసి నడిచాడు. వాళ్ళు రోడ్డెక్కేసరికి మధ్యాహ్నం రెండయింది.

గండం అంతటితో గడవలేదు. గడ్డివాములు కొట్టుకుపోయాయి. మేత లేదు. పశువులు తారురోడ్డు మీదే నిలబడి వణికాయి. దగ్గర్లోని పశువుల దవాఖానలో డాక్టర్ లేక ఏడాది. శారద అనే సహాయకురాలు ఒక్కతే, రెండో రోజు భుజాన సంచీతో, మోకాళ్ళ దాకా బురదతో నడిచి వచ్చింది. ఉన్న మందంతా ఇంజెక్షన్లు చేసింది.

"తొమ్మిదింటికి ఊపిరితిత్తులల్ల నీళ్లు వోయినయన్నా," అంది ఉస్మాన్‌తో. "గీ తడిల ఉంచితె బతకయి. పొడినేల, పొడిగడ్డి కావాలె."

అమర్‌సింగ్ అత్తగారి తండా బయ్యారం దగ్గర గుట్ట వాలులో ఉంది. అక్కడ నీళ్ళు నిలవవు, గడ్డి ఉంది. ఉస్మాన్ స్నేహితుడు అబ్దుల్ బారీకి సరుకులు తోలే వ్యాను ఉంది. కిరాయి మాట ఎత్తకుండా తెచ్చాడు. శారద మందుల చీటీ మీదే రాసిచ్చింది: వరదలో చిక్కుకున్న పశువులు, చికిత్స కోసం తరలింపు. కింద సంతకం పెట్టింది. మూడో రోజు ఉదయం, కమ్లీ చూడి ఆవుతో సహా, జబ్బుపడ్డ తొమ్మిది పశువులనూ ఎక్కించారు. ముందు సీటులో బారీ, ఉస్మాన్. వెనక ఆటోలో అమర్‌సింగ్, కమ్లీ. తండాలో మిగిలినవాటికి గడ్డి మోపులు కొనడానికి దారిలో ఆటో ఆగింది. వ్యాను ముందుకు సాగింది.

మహబూబాబాద్ దాటాక మూడు మోటార్‌సైకిళ్ళు వ్యాను ముందు అడ్డంగా ఆగాయి. ఐదుగురు. పాతికేళ్ళ లోపు వాళ్ళు.

"ఏం తోల్కపోతున్నవ్?"

"వరదల చిక్కిన పసులు. బయ్యారం పోతున్నయి, ఆరనీకి."

"నీ పేరేంది?"

"ఉస్మాన్."

పేరు చెప్పగానే ఒకడు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాక్కున్నాడు. ఉస్మాన్ చీటీ చూపించాడు.

"స్టాంపు ఏది? గిట్లాంటియి మస్తు చూసినం." ఫోన్ తీసి అతని మొహం మీద పెట్టాడు. "చెప్పు. ఏడ కొయ్యనీకి?"

వాన తెరిపిచ్చిన ఎండ భగ్గుమంటోంది. ఉస్మాన్ ముంజేతి గాయానికి కట్టిన గుడ్డ చూపించాడు. ఎవరూ చూడలేదు. దింపి నీళ్ళయినా పట్టనివ్వమన్నాడు. పోలీసులు వచ్చేదాకా కదలడానికి వీల్లేదన్నారు. పోలీసులకు ఎవరు ఫోన్ చేశారో, అసలు చేశారో లేదో తెలియదు. గంట గడిచింది. వ్యానులో పశువుల రొప్పు రోడ్డు మీదికి వినబడుతోంది. ఉస్మాన్ జీవితంలో మొదటిసారి కోపాన్ని మింగి బతిమాలాడు.

"తమ్మీ, మీ కాళ్లు మొక్కుత. నన్ను కొట్టున్రి. కట్టేసి కూసోబెట్టున్రి. వాటిని మాత్రం దించున్రి. ఊపిరాడ్తలేదు వాటికి."

ఫోన్ పట్టుకున్నవాడు నవ్వాడు. "నటించకు."

ఆటో వచ్చేసరికి కమ్లీ చూడి ఆవు వ్యానులో కూలబడి ఉంది. నోటినిండా నురగ. కమ్లీ పరిగెత్తి ఎక్కి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. "యాడీ, యాడీ" అని ఏడ్చింది. అమ్మా అని. కాసేపటికి ఆవు కాళ్ళు ఒకసారి తన్నుకుని ఆగిపోయాయి.

ఆమె దిగి వచ్చింది. ఫోన్ పట్టుకున్నవాడి ముందు నిలబడింది.

"నీ పేరేంది బిడ్డా?"

"...నగేష్."

"నీది ఏ ఊరు? మా గుండ్లకుంట తండాకు ఎంత దూరం?"

అతను ఊరి పేరు చెప్పాడు. "ఆరు కిలోమీటర్లుంటది అవ్వా."

"కట్ట తెగిన నాడు యాడున్నవ్?"

"ఇంటికాడ."

"గీయన ఏడు కిలోమీటర్లు నడిసొచ్చి మెడలోతు నీళ్లల్ల దిగిండు. నువ్వు ఆరు కిలోమీటర్లు రాలే. ఇయ్యాల మాత్రం వచ్చినవ్, బండి ఆపనీకి. నీళ్లు సంపలే నా ఆవును. నువ్వు సంపినవ్. దాని కడుపుల దూడను గూడ నువ్వే సంపినవ్. తియ్, గిది గూడ తియ్ నీ ఫోన్ల!"

నగేష్ ఫోన్ దించాడు. మిగతా నలుగురిలో ఇద్దరు అప్పటికే బండ్ల వైపు జరుగుతున్నారు.

"మాకు తెల్వకపాయె అవ్వా..."

"తెల్వదా?" ఉస్మాన్ గొంతు అప్పుడు లేచింది. రోడ్డు పక్క చేలో పనిచేస్తున్న వాళ్ళు కూడా తలలెత్తి చూశారు. "చీటీ చూపిచ్చిన. చెయ్యి చూపిచ్చిన. కాళ్లు మొక్కుత అన్న. నా పేరొక్కటే ఇనవడ్డది గదరా నీకు! ఎవడన్న కదిలితె సూడు. గుంత తవ్వున్రి. ఆవును మీ చేతులతోనే బొంద పెట్టున్రి."

బండ్ల వైపు జరిగిన ఇద్దరూ వెనక్కి వచ్చారు. చేనులోని రైతు గడ్డపారలు, పారలు ఇచ్చాడు. బారీ, అమర్‌సింగ్ మిగతా ఎనిమిదింటినీ చెట్టు నీడకు దింపి నీళ్ళు పట్టారు. ఐదుగురూ తవ్వారు. నడుము లోతు తవ్వి ఆపబోతే ఉస్మాన్ ఒప్పుకోలేదు. ఛాతీ లోతు తవ్వించాడు. ఆవును మోసేటప్పుడు దాని కడుపు భుజానికి తగిలితే నగేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఉస్మాన్ అది చూశాడు. జాలి పడలేదు.

ఎనిమిదీ బయ్యారం చేరాయి. ఆరు కోలుకున్నాయి, రెండు చచ్చాయి. వ్యాను ఆపిన వీడియో మాత్రం అప్పటికే జనంలోకి వెళ్ళిపోయింది. నగేష్ తీసేసినా వేరేవాళ్ళ దగ్గర తిరుగుతూనే ఉంది. కాలేజీలో ఎవరో ఫిజాకు చూపించారు. ఆమె ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చుని, ఆ రోజు సంగతులు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. తర్వాత జరిగిందంతా రాసి తానూ ఫోన్‌లో పెట్టింది. దాన్ని చదివినవాళ్ళు కొద్దిమందే.

మూడు వారాలకు నగేష్ ట్రాక్టర్ నిండా ఎండుగడ్డి వేసుకుని తండాకు వచ్చాడు. ఉస్మాన్ అక్కడే మైల కాలికి పసుపు కట్టు కడుతున్నాడు.

"అన్నా..." అన్నాడు నగేష్.

"ఆడ దించి పో," అన్నాడు ఉస్మాన్, తల ఎత్తకుండా.

దసరా వెళ్ళాక, జనం దరఖాస్తులు తీసుకునే సోమవారం నాడు, కమ్లీ, ఉస్మాన్ దరఖాస్తు పట్టుకుని కలెక్టర్ కార్యాలయానికి వెళ్ళారు. కట్టకు మట్టి పోయాలని, బుంగ సంగతి ముందే చెప్పినా పట్టించుకోనిది ఎవరో తేల్చాలని రాయించారు. పుచ్చుకున్న గుమాస్తా చదివి, రిజిస్టర్‌లో 'ఆస్తినష్టం' కింద ఎక్కించాడు. ఉస్మాన్ అక్కడే గొడవపడ్డాడు. బయటికి పంపారు. మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. కమ్లీ కూడా లేవలేదు. తలుపులు మూసే వేళకు ఒకాయన వచ్చి వేసవిలో పని మొదలవుతుందన్నాడు.

ఆ చలికాలమంతా ఉస్మాన్ తండా తండాకూ తిరిగాడు. నాడాలు వేసే ఎడ్లు ఉన్నా లేకపోయినా వెళ్ళాడు. కొట్టాల్లోకి దూరి గుంజలకు కట్టిన ముళ్ళు చూసేవాడు. తడిస్తే బిగిసి, కొడవలి లేకుండా ఊడని ముళ్ళన్నీ విప్పించేవాడు. కొస పట్టి ఒక్క లాగు లాగితే జారిపోయే ముడి నేర్పేవాడు. ఎద్దు లాగితే అది ఊడదు, మనిషి లాగితే ఊడుతుంది.

"పిల్లను సంకనేసుకొని ఉరుకుతవు గద. ఇంకో చెయ్యి ఖాళీగనే ఉంటది. గా చేత్తో కొస గుంజు. గంతే. గది గూడ చెయ్యకపోతివా, బతికి ఏం లాభం?"

మళ్ళీ జూన్ వచ్చేసరికి గుండ్లకుంట తండా ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా ఆ ముడి వేసేస్తున్నారు. ఒకరోజు పొద్దున, కట్ట తెగితే ఏం చేస్తారో చూద్దామని, కమ్లీ కంచం మీద గరిటెతో కొట్టి అందరినీ ఉరికించింది. నాలుగు నిమిషాల్లో అన్ని కొట్టాలూ ఖాళీ అయ్యాయి. పశువులు బజారు నిండా తిరుగుతుంటే పిల్లలు కేకలేశారు. ఉస్మాన్ మాత్రం అమర్‌సింగ్ మీద విరుచుకుపడ్డాడు. మైల ఎద్దు మెడ తాడును అందరికంటే ఆలస్యంగా విప్పింది అతనే.

చెరువు కట్టకు వేసవిలో మట్టి రాలేదు. గండి పడ్డచోట ఇసుక బస్తాలు పేర్చి పోయారు. ఉస్మాన్ వాన కురిసిన ప్రతిసారీ మోపెడ్ వేసుకుని వచ్చి కట్ట ఎక్కి, ఆ బస్తాలను కాలితో తన్ని చూస్తాడు. నాలుగో దరఖాస్తు ఫిజా చేత రాయించి పెట్టుకున్నాడు. వచ్చే సోమవారం తీసుకువెళ్తాడు.